ఒప్పుకోలు, బలవంతము: పోలీసు విచారణను గూర్చిన మన రాజ్యాంగ నిబంధనల చరిత్ర

ఒప్పుకోలు అను మాట మన సంఘములలో ప్రతి ఆదివారము వినబడును. ప్రభువు బల్లకు ముందు మనము మన పాపములను ఒప్పుకొందుము. 1 యోహాను 1:9 ఆధారముగా కాపరి క్షమాపణను ప్రకటించును. ఇదే మాటను పోలీసు స్టేషనులో కూడ వాడుదురు. "విచారణలో నేరము ఒప్పుకున్నాడు" అని మరునాడు పత్రికలో వచ్చును. అది చదివిన విశ్వాసి, ఒక్కొక్కసారి చదివిన కాపరి కూడ, ఇంకను కోర్టుతో పనియేమి అనుకొనును.

చట్టము అట్లు అనుకొనదు. పోలీసు అధికారితో నిందితుడు చెప్పిన ఒప్పుకోలును అతనికి విరోధముగా ఋజువు చేయుటకు వీలులేదని మన దేశపు సాక్ష్య చట్టము 1872 నుండి చెప్పుచున్నది. ఇంగ్లాండు చట్టములో సహితము ఇంత ఖండితమైన నిషేధము లేదు. అక్కడ ఆ ఒప్పుకోలు స్వేచ్ఛగా చేసినదా కాదా అని విచారింతురు. ఇక్కడ విన్నవాడు పోలీసు అయిన చాలు, దానిని ప్రక్కన పెట్టుదురు. ఒక దేశపు చట్టము తన సొంత పోలీసును ఇంతగా ఎందుకు అనుమానించినది? దీనికి జవాబు ఢిల్లీలోగాని లండనులోగాని కాక, మొదట పూర్వపు మద్రాసు రాజధానిలోని తెలుగు, తమిళ రైతుల ఫిర్యాదులలో దొరుకును. ఆ చరిత్రలో క్రైస్తవ సంఘము ఎటువైపు నిలిచినదో కూడ ఈ వ్యాసములో చూడగోరుచున్నాము. అన్నిచోట్లను మనము గర్వించదగిన వైపున నిలువలేదు.

చిరత, గింజెరి

1853 అక్టోబరులో హెన్రీ డాన్బీ సేమూర్ అను బ్రిటిషు పార్లమెంటు సభ్యుడు చెన్నపట్నము వచ్చెను. ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు త్రిప్పినవాడు గాజుల లక్ష్మీనరసు శెట్టి అను తెలుగు వర్తకుడు. గుంటూరు, కడలూరు, తిరుచిరాపల్లి, సేలం, తిరునల్వేలి ప్రాంతములలో పన్ను వసూలు కొరకు రైతులను ఎట్లు హింసించుచున్నారో ఆయనకు చూపించెను. శెట్టి 1852లో స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషను అప్పటికే ఈ సంగతులను గూర్చి పార్లమెంటుకు మహజరు పంపియుండెను. కాగితము మీద చదివినది వేరు, కన్నులార చూచినది వేరు. సేమూర్ తిరిగి వెళ్ళిన తరువాత 1854 జూలైలో ఈ విషయము కామన్స్ సభలో చర్చకు వచ్చినది. తుదకు మద్రాసు ప్రభుత్వము ముగ్గురు సభ్యులతో ఒక కమిషనును నియమింపవలసి వచ్చినది. ఇ.ఎఫ్. ఇలియట్, హడిల్‌స్టన్ స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అనువారు ఆ ముగ్గురు.

1855లో వారు సమర్పించిన నివేదిక చదువుట సులభమైన పని కాదు. కొద్ది నెలల వ్యవధిలోనే 1,959 మంది స్వయముగా వచ్చియో ఉత్తరము వ్రాసియో ఫిర్యాదు చేసిరి. హింసా పద్ధతులలో తరచుగా కనబడు రెండింటిని తమిళములో కిట్టి, అనుందాల్ అనియు, తెలుగులో చిరత, గింజెరి అనియు పిలిచెదరని నివేదిక తెలుపుచున్నది. చిరత అనగా రెండు చెక్కల మధ్య చేతివ్రేళ్ళనో తొడనో చెవినో పెట్టి నొక్కు సాధనము. భజనలలో తాళమునకు వాయించు చిరతలను మనమందరము ఎరుగుదుము. మన జనులు ఈ సాధనమునకు ఆ పేరే పెట్టుకొనుటలో ఎంత చేదు ఉన్నదో గమనించండి. గింజెరి అనగా మనిషిని ముందుకు వంచి, మెడకును కాలివ్రేళ్ళకును త్రాడు బిగించి, వీపు మీద రాయి పెట్టియో మనిషిని కూర్చుండబెట్టియో ఎండలో ఉంచుట.

ఇవి పన్ను బకాయి కొరకును వాడిరి, దొంగతనము ఒప్పించుటకును వాడిరి. దీనికి కారణము కలదు. 1816 నాటి రెగ్యులేషను ప్రకారము కలెక్టరే మేజిస్ట్రేటు, తాసీల్దారే పోలీసు అధిపతి. శిస్తు వసూలు చేయు బంట్రోతుకును నేరము విచారించు బంట్రోతుకును భేదము లేకుండెను. శిస్తు ఇయ్యనివానిని వంచుటకు అలవాటుపడిన చేయి, నేరము ఒప్పుకొననివానిని కూడ అట్లే వంచినది.

నివేదికలోని లోపమును కూడ చెప్పవలెను. కమిషనరులు తప్పంతయు దేశీయ చిన్న ఉద్యోగుల మీద మోపి, దొరలకు ఇది తెలియదన్నట్లు వ్రాసిరి. అంత శిస్తును నిర్ణయించినది ఎవరు, ఆ శిస్తు గడువులోగా ఖజానాకు చేరవలెనని తాసీల్దారును తొందరపెట్టినది ఎవరు అను ప్రశ్నను వారు తగినంత లోతుగా అడుగలేదని మా అభిప్రాయము. అయినను బాధితులు తమ నోటితో చెప్పిన మాటలు ప్రభుత్వ పత్రములలో చేరినవి. ఆ మేలు చిన్నది కాదు.

లక్ష్మీనరసు శెట్టిని గూర్చి మన సెమినరీలలోని సంఘచరిత్ర తరగతులలో చెప్పునప్పుడు, ఆయనను మిషనరీల విరోధిగా మాత్రమే చెప్పుదురు. అది అబద్ధము కాదు. 1844లో ఆయన ప్రారంభించిన 'క్రెసెంట్' పత్రిక మతమార్పిడులను తీవ్రముగా ఎదిరించెను. 1846లో గవర్నరు ట్వీడేల్ ప్రభుత్వ పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథముగా పెట్టవలెనని ప్రతిపాదించినప్పుడు ప్రతిఘటించినవారిలో ఆయన ముఖ్యుడు. కాని గుంటూరులో లూథరన్ మిషను 1842 నుండి, మచిలీపట్నములో సి.ఎం.ఎస్. 1841 నుండి, నెల్లూరులో బాప్తిస్టు మిషను 1840 నుండి పనిచేయుచుండెను. ఆ జిల్లాల రైతుల బాధను పార్లమెంటు కన్నుల యెదుట పెట్టినవాడు మాత్రము మనము విరోధి అని పేరు పెట్టిన ఈ వర్తకుడు. గాయపడినవానిని చూచి ఆగినవాడు సమరయుడని మన ప్రభువు చెప్పిన సంగతి (లూకా 10) మేము ఇక్కడ వ్యాఖ్యానింపనక్కరలేదు.

సంఘ చరిత్రలో మరికొంత వెనుకకు

హింసతో రప్పించిన ఒప్పుకోలును గూర్చి సంఘము రెండు నాలుకలతో మాటలాడినది. 866లో పోపు మొదటి నికొలసు బల్గేరియులకు వ్రాసిన జవాబులో, కొట్టి ఒప్పించుట దేవుని ధర్మమునకును మనుష్యుల ధర్మమునకును విరుద్ధమని బోధించెను. 1252లో పోపు నాల్గవ ఇన్నోసెంటు, మతభ్రష్టులని అనుమానింపబడినవారిని హింసించుటకు అనుమతి ఇచ్చెను. ఈ రెండింటి నడుమ నాలుగు వందల సంవత్సరములలో జరిగిన మార్పును విద్యార్థులు జాగ్రత్తగా పరిశీలించవలెను. 1215 నాటి లాటెరను మహాసభ, కాల్చిన ఇనుము పట్టించుట మొదలగు దివ్యపరీక్షలలో గురువులు పాల్గొనరాదని నిషేధించెను. అది మంచి తీర్మానమే. అయితే దేవుడు తీర్పు చెప్పుట ఆగిపోగా, నిందితుని నోటి మాటే అన్నిటికంటె గొప్ప ఋజువు అయినది. నోటి మాట కావలెననినప్పుడు నోరు తెరిపించు సాధనములు కూడ కావలసి వచ్చెను.

ఆ సాధనములకు ఎదురు చెప్పినవాడు కూడ సంఘములో నుండియే లేచెను. జర్మనీలో మంత్రగత్తెలని కాల్చబడబోవు స్త్రీల కడవరి ఒప్పుకోలు విన్న యేసు సభ గురువు ఫ్రీడ్రిష్ స్పే, 1631లో తన పేరు వేయకుండ ఒక గ్రంథము ప్రచురించెను. హింస పెట్టినయెడల ఎవరైనను ఏదైనను ఒప్పుకొందురని, తన యొద్ద ఏకాంతములో మాటలాడిన స్త్రీలు నిరపరాధులని అతడు గ్రహించెను. దేవుని యెదుట చేయు ఒప్పుకోలును, హింసకుని యెదుట చేయు ఒప్పుకోలును ప్రక్క ప్రక్కన విన్న మనిషికి మాత్రమే తెలియు భేదము అది.

ఇంగ్లాండులో ఇదే పోరాటమును ప్యూరిటనులు చేసిరి. 1637లో పట్టుబడిన జాన్ లిల్బర్న్ అను యువకుడు, అడుగబోవు ప్రశ్నలేవియో తెలియకుండ ముందుగానే ప్రమాణము చేయుటకు స్టార్ ఛాంబరు కోర్టులో నిరాకరించెను. అందుకు కొరడా దెబ్బలు తినెను. 1641లో ఆ కోర్టే రద్దు చేయబడినది. తనకు తానే విరోధముగా సాక్ష్యమిచ్చుటకు ఎవరినీ బలవంతము చేయరాదను సూత్రము 1791లో అమెరికా రాజ్యాంగపు అయిదవ సవరణలోను, 1950లో మన రాజ్యాంగపు 20(3) అధికరణములోను చోటుచేసుకొనెను.

యూదుల ధర్మశాస్త్ర పండితులు మరింత దూరము పోయిరి. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీదనే సంగతి స్థిరపరచవలెను (ద్వితీ. 19:15) గనుక, నిందితుని ఒప్పుకోలు మీద మాత్రమే అతనికి శిక్ష విధింపరాదని వారు బోధించిరి. మరి ఆకాను సంగతి ఏమి (యెహో. 7) అని విద్యార్థులు అడుగుదురు. అది ఆ సమయమునకు మాత్రమే చెందిన ప్రత్యేకమైన తీర్పు అని మైమోనిడీసు వివరించెను. అమెరికా సుప్రీం కోర్టు 1966 నాటి మిరాండా తీర్పులో ఈ మైమోనిడీసును ప్రస్తావించుట విశేషము. ఆకాను చరిత్రలో ఇంకొక సంగతి కలదు. అతడు ఒప్పుకొన్న తరువాత యెహోషువ దూతలను పంపి, డేరాలో దాచిన సొమ్మును కనుగొనువరకు ఆగెను. దీనిని తరువాతి భాగము కొరకు గుర్తుంచుకొనవలెను.

ఎండలో తిరుగుట కంటె నీడలో కూర్చుండుట

మద్రాసు నివేదిక తరువాత మార్పులు త్వరగా వచ్చినవి. 1859 చట్టముతో మద్రాసులో పోలీసు శాఖను రెవిన్యూ నుండి వేరుచేసిరి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో, ఒప్పుకోలు రాబట్టుటకు గాయపరచినవారికి 330 సెక్షను క్రింద ఏడు సంవత్సరముల వరకు, తీవ్రముగా గాయపరచినవారికి 331 క్రింద పది సంవత్సరముల వరకు శిక్ష నిర్ణయించిరి. 330 సెక్షను క్రింద ఇచ్చిన ఉదాహరణములలో పోలీసు అధికారితో పాటు శిస్తు కొరకు హింసించు రెవిన్యూ అధికారియు, రైతును హింసించు జమీందారును కనబడుదురు. 1861లో దేశమంతటికి పోలీసు చట్టము వచ్చెను. అదే సంవత్సరపు క్రిమినల్ ప్రొసీజరు కోడులో, పోలీసుతో చేసిన ఒప్పుకోలు సాక్ష్యముగా చెల్లదను నిబంధన మొదటిసారి దేశవ్యాప్తముగా వచ్చినది. 1872లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన సాక్ష్య చట్టములో అదే 25వ సెక్షను అయినది.

పోలీసులు ఎందుకు కొట్టుదురని స్టీఫెన్ ఒక అనుభవజ్ఞుడైన ఉద్యోగిని అడిగెనట. అతడిచ్చిన జవాబులో క్రూరత్వము కంటె బద్ధకమును గూర్చియే ఎక్కువ చెప్పెను. నీడలో కూర్చుండి ఎవని కంట్లోనో కారము కొట్టుట, ఎండలో తిరిగి సాక్ష్యము వెదకుట కంటె సుఖము అని దాని భావము. నూట యాభై సంవత్సరములు గడిచినను ఈ వివరణకు మించినది మాకు కనబడలేదు. చట్టము కోరునది పోలీసు మంచివాడుగా ఉండవలెనని మాత్రమే కాదు. అతడు ఎండలో తిరుగవలెనని.

అయితే 27వ సెక్షను రూపములో ఒక చిన్న ద్వారము తెరచి ఉంచిరి. నిందితుడు చెప్పినదానిని బట్టి ఏదైన ఒక విషయము కనుగొనబడినయెడల, దానికి స్పష్టముగా సంబంధించిన మాటల వరకు ఋజువు చేయవచ్చును. పైన చెప్పిన ఆకాను డేరా వంటిదే ఇది. ఈ సెక్షనుకు ఈనాటికిని ప్రమాణముగా నిలిచిన తీర్పు గుంటూరు జిల్లా నుండి లండను ప్రివీ కౌన్సిలుకు వెళ్ళిన పులుకూరి కోటయ్య కేసులోనిది. 1946 డిసెంబరులో సర్ జాన్ బ్యూమాంట్ చెప్పిన ఆ తీర్పు 1947 నాటి రిపోర్టులలో అచ్చయినది. గ్రామ కక్షలలో జరిగిన హత్యల కేసు అది. చెరువు మూల దగ్గర పొంచి ఉండి కొట్టి చంపితిమి, ఈటెను ఫలానావారి గడ్డివామిలో దాచితిని, వచ్చినయెడల చూపెదను అని ఒక నిందితుడు పోలీసులతో చెప్పెను. ఈటె వామిలో దొరికెను. అప్పుడు ఈ మాటలన్నియు సాక్ష్యమగునా?

కానేరవని ప్రివీ కౌన్సిలు తీర్పు చెప్పినది. కనుగొనబడినది ఈటె ఉన్న చోటు, ఆ చోటు నిందితునికి తెలియునను సంగతి. కొట్టి చంపితిమి అను మాట ఈటె దొరికినందువలన ఋజువు కాదు. దాచితిని, చూపెదను అను మాటలు మాత్రమే మిగులును. ఈ గీత గీయకపోయినయెడల పోలీసులు ఒక కర్రనో కత్తినో చూపి, ఒప్పుకోలు మొత్తమును వెనుక ద్వారము గుండ లోనికి తెచ్చెదరని న్యాయమూర్తులు చూచిరి.

ఈ 27వ సెక్షనును మేము పుస్తకములో చదువుటకు ముందే స్టేషనులో చూచితిమి. సేవలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో, ఒక రాత్రి కానిస్టేబులు మా యింటికి వచ్చి స్టేషనుకు పిలిచెను. బల్ల మీద నగలు పెట్టియుండెను. ప్రక్కన మధ్యవర్తుల రిపోర్టు అప్పటికే వ్రాసి యుండెను: మా సమక్షములో ముద్దాయి నేరము ఒప్పుకొని, గడ్డివామి క్రింద నుండి ఆ నగలు తీసి ఇచ్చినట్లు. మేము ఆ వామిని చూడలేదు. "అయ్యగారూ, మీ సంతకమైతే కోర్టులో విలువ ఉంటుందండీ" అని అధికారి మర్యాదగా అనెను. మేము సంతకము చేసితిమి. గోడ ప్రక్కన కూర్చున్న యువకుని వైపు చూడలేదు. రెండు సంవత్సరముల తరువాత సమన్లు వచ్చెను. ఆ వామి రోడ్డుకు ఎంత దూరములో ఉన్నదని డిఫెన్సు వకీలు అడిగెను. జ్ఞాపకము లేదంటిమి. అది రెండవ అబద్ధము. కేసు కొట్టివేయబడినది గాని, అంతకు ముందే అతడు కొన్ని నెలలు జైలులో ఉండెను. నగలు నిజముగా అతడే దొంగిలించెనో లేదో ఇప్పటికిని మాకు తెలియదు. తెలిసికొను మార్గమును మూసివేసినవారిలో మేమును ఒకరము.

రాజ్యాంగ సభలో

1950 వరకు ఇవన్నియు సామాన్య చట్టములు. చేసిన సభ వాటిని తీసివేయనూ వచ్చును. 1919 నాటి రౌలట్ చట్టము క్రింద అనుమానము మీదనే మనుష్యులను నిర్బంధింప వీలు కలిగిన సంగతి రాజ్యాంగ సభ సభ్యులలో అనేకులకు అనుభవమే. ఎవ్వరిని తనకు తానే విరోధముగా సాక్షి కమ్మని బలవంతపెట్టరాదను నిబంధన 1948 డిసెంబరులో పెద్దగా వివాదము లేకుండ ఆమోదము పొందెను. వివాదమంతయు ప్రాణమును స్వేచ్ఛను గూర్చిన అధికరణము మీదనే జరిగెను. చట్టము ఏ విధానమును నిర్ణయించునో ఆ విధానము చాలునా, లేక ఆ విధానము న్యాయమైనదో కాదో కోర్టు చూడవలెనా అన్నది ప్రశ్న. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు మొదటి పక్షమున నిలిచిరి. ఆ పక్షమే గెలిచెను.

ఇందువలన చాలమంది సభ్యులు అసంతృప్తి చెందిరి. డాక్టర్ అంబేడ్కరు దానిని గుర్తించిరి. 1949 సెప్టెంబరు 15న ఆయన 15ఎ అను క్రొత్త అధికరణము ప్రవేశపెట్టి, ముందు పోయినదానికి ఇది కొంత పరిహారమని చెప్పిరి. అరెస్టు చేసినవానికి కారణము తెలుపవలెను. తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించనియ్యవలెను. ప్రయాణ కాలము తీసివేసి 24 గంటల లోపల మేజిస్ట్రేటు యెదుట నిలువబెట్టవలెను. ఇందులో అధిక భాగము క్రిమినల్ ప్రొసీజరు కోడులో ముందే కలదు గదా అని కొందరనిరి. కలదు గాని, దానిని రాజ్యాంగములో పెట్టినయెడల రేపటి శాసనసభ తీసివేయజాలదన్నది ఆయన వాదము. అదే మన 22వ అధికరణము. అందులోనే ముందు జాగ్రత్త నిర్బంధమునకు కూడ చోటిచ్చుట దాని బలహీనత.

రాజ్యాంగము వచ్చుటకు ముందే ఒక చట్టము రద్దగు దారిలో ఉండెను. దానిని గూర్చి మనము తక్కువ మాటలాడుదుము. నేరస్థ జాతుల చట్టము క్రింద ఎరుకల మొదలగు కులములవారు పుట్టుకతోనే అనుమానితులు. ఏ ఒప్పుకోలు, ఏ సాక్ష్యము అక్కరలేకుండ హాజరు వేయించుకొనవలెను, అనుమతి లేక ఊరు దాటరాదు. బాపట్ల దగ్గర 1913లో స్థాపింపబడిన స్టూవర్టుపురము సెటిల్‌మెంటును నడిపినది రక్షణ సైన్యము. కావలి సెటిల్‌మెంటును నడిపినది అమెరికన్ బాప్తిస్టు మిషను. అక్కడ బడులు పెట్టిరి, పని నేర్పిరి, ప్రేమతో సేవచేసినవారు నిశ్చయముగా ఉండిరి. అయినను హాజరు పట్టీ కూడ మిషను చేతిలోనే ఉండెను. మద్రాసు రాష్ట్రములో ఆ చట్టము 1947లోను, దేశమంతట 1952లోను రద్దయినది. దానిని రద్దు చేయించుటలో మన సంఘములు ముందు నడిచినవని చెప్పలేము.

1950 తరువాత

20(3) అధికరణపు పరిధి సుప్రీం కోర్టులో విశాలము అగుచు, సంకుచితము అగుచు వచ్చినది. 1961లో కాఠీ కాలు ఓఘడ్ కేసులో పదునొకండుగురు న్యాయమూర్తులు, వ్రేలిముద్రలు, చేతివ్రాత నమూనాలు ఇచ్చుట సాక్ష్యమిచ్చుట కాదని నిర్ణయించిరి. 1978లో ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతీ కేసులో జస్టిస్ కృష్ణయ్యరు, మౌనముగా ఉండు హక్కు కోర్టు బోనులోనే కాదు, పోలీసు స్టేషను బల్ల యెదుట కూడ వర్తించునని చెప్పిరి. 2010లో సెల్వీ కేసులో, నిందితుని సమ్మతి లేకుండ నార్కో పరీక్ష, అబద్ధ నిర్ధారణ పరీక్ష, మెదడు పరీక్ష చేయరాదని తీర్పు వచ్చినది. చిరతకు బదులు సూది వచ్చినను ప్రశ్న అదియే గదా.

వెనుకంజ వేసిన దినములును కలవు. ఉగ్రవాద నిరోధమునకై 1987లో వచ్చిన టాడా చట్టపు 15వ సెక్షను, పోలీసు సూపరింటెండెంటు స్థాయి అధికారితో చేసిన ఒప్పుకోలు చెల్లునని చెప్పెను. 1855 నుండి కట్టిన గోడకు అది మొదటి పెద్ద గండి. 1994లో కర్తార్ సింగ్ కేసులో మెజారిటీ న్యాయమూర్తులు దానిని సమర్థించిరి. ఆంధ్ర ప్రాంతపు వారైన జస్టిస్ కె. రామస్వామియు జస్టిస్ ఆర్.ఎం. సహాయ్‌యు ఈ అంశములో విభేదించిరి. టాడా 1995లో గడువు తీరి పోయెను. అదే నిబంధనతో 2002లో వచ్చిన పోటా 2004లో రద్దయినది.

1986లో డి.కె. బసు అను న్యాయసహాయ సంస్థ అధ్యక్షుడు లాకప్పు మరణములను గూర్చి సుప్రీం కోర్టుకు వ్రాసిన ఒక ఉత్తరమే పిటిషను అయినది. 1996 డిసెంబరు 18న కోర్టు ఇచ్చిన పదునొకండు ఆదేశములను ప్రతి కాపరియు ఒకసారి చదువవలెను. అరెస్టు చేయు పోలీసు పేరు కనబడునట్లు ధరించవలెను. బంధువుకు లేక స్నేహితునికి తెలియజేయవలెను. నిర్బంధములో ఉన్నంతవరకు 48 గంటలకు ఒకసారి వైద్య పరీక్ష జరుగవలెను. అక్కడికక్కడే అరెస్టు మెమో వ్రాసి, కుటుంబ సభ్యునిచేత గాని ఆ ప్రాంతపు గౌరవనీయునిచేత గాని సాక్షి సంతకము చేయించవలెను. 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషనులోను సి.సి. కెమెరాలు అమర్చవలెనని కోర్టు ఆదేశించెను.

హింసకు విరోధమైన అంతర్జాతీయ ఒడంబడిక మీద భారతదేశము 1997లో సంతకము చేసినది గాని నేటివరకు ధృవీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన హింసా నిరోధక బిల్లు రాజ్యసభ దాటకనే పోయినది.

కోర్టులు చెప్పినది ఒకటి, జనులు కోరునది మరొకటి. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరమైన నేరములో నిందితులైన నలుగురు పోలీసు కాల్పులలో మరణించిరి. ఆమె వస్తువులను చూపించుటకు వారిని తీసికొని పోయినట్లు పోలీసులు చెప్పిరి. అనగా మరల అదే 27వ సెక్షను. జనులు పోలీసుల మీద పువ్వులు చల్లిరి. ఆ ఆదివారము స్తోత్రములు చెల్లించిన సంఘములను మేము ఎరుగుదుము, ఆ స్తోత్రములకు ఆమేన్ అన్నవారిలో మా బంధువులును కలరు. సుప్రీం కోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషను 2022లో బయటికి వచ్చిన తన నివేదికలో, పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదని తేల్చెను. ఆ కుమార్తె తలిదండ్రుల దుఃఖమును తక్కువ చేయు మాట మేము అనము. ఆ దుఃఖమునకు జవాబుగా ఇయ్యవలసినది ఋజువైన నేరము. ఆ ఋజువు ఇక ఎన్నటికిని రాదు.

పౌలు సంగతి ఇక్కడ జ్ఞాపకము వచ్చుచున్నది. యెరూషలేములో సహస్రాధిపతి అతనిని కొరడాలతో కొట్టించి సంగతి రాబట్టుమని ఆజ్ఞాపించినప్పుడు (అపొ. 22:24-29), పౌలు దానిని క్రీస్తు నిమిత్తమైన శ్రమ అని మౌనముగా అంగీకరించలేదు. తీర్పు పొందని రోమీయుని కొట్టుట చట్టమా అని అడిగెను. ప్రధాన యాజకుని యెదుట మన ప్రభువు కూడ, నన్నడుగుట ఎందుకు, విన్నవారిని అడుగుమని భావము వచ్చునట్లు చెప్పి, ప్రక్కనున్న బంట్రోతుచేత చెంపదెబ్బ తిని, ఆ దెబ్బకు కారణము అడిగెను (యోహాను 18:19-23). సాక్షులను పిలువుము అనునదే ఆయన మాటలోని సారము. అయితే పౌలుకు రోమా పౌరసత్వము అక్కరకు వచ్చెను. ఆనాటి యెరూషలేములో అది లేనివారే అధికులు. 20(3), 22 అధికరణములు పౌరుడు, పరదేశి అను భేదము లేకుండ ఏ వ్యక్తికైనను వర్తించును.

2024 జూలై 1 నుండి పాత చట్టముల స్థానములో క్రొత్తవి వచ్చినవి. సాక్ష్య చట్టపు 25, 26, 27 సెక్షనులు ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమములో 23వ సెక్షనుగా ఒక్కచోట చేరినవి. ఒప్పుకోలు రాబట్టుటకు హింసించు నేరము భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షనులో ఉన్నది. అరెస్టు మెమో నిబంధన భారతీయ నాగరిక సురక్షా సంహిత 36వ సెక్షనులోను, 24 గంటల నిబంధన 58లోను ఉన్నవి. అంకెలు మారినవి గాని నియమములు నిలిచియున్నవి.

రాత్రివేళ ఒక తల్లి వచ్చి, మా వానిని తీసికొనిపోయిరి అయ్యగారూ అని ఏడ్చునప్పుడు కాపరి మొదట ప్రార్థించును. తరువాత అడుగవలసినవి కొన్ని కలవు: ఎన్ని గంటలకు తీసికొనిపోయిరి, మెమో వ్రాసిరా, దాని మీద ఎవరు సంతకము చేసిరి, వకీలుకు కబురు చేసితిరా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలిపితిరా. ఆ మెమో మీద సంతకము చేయవలసిన గౌరవనీయుడు ఆ కాపరియే కావచ్చును. స్టేషనులో ఇంకొక కాగితము కూడ ముందుకు జరుపుదురు, తాను చూడని గడ్డివామిని గూర్చి. ఆ రెండు కాగితములు వేరని తెలిసికొనుటకు మాకు చాల సంవత్సరములు పట్టినది.